పొందూరు సన్నఖాదీ, సిగ్మా డీపీ2 క్వాట్రో: పోగులు లెక్కపెట్టగలిగేలా తీసిన ఒక పని

పొందూరు సన్నఖాదీని మామూలు డిజిటల్ కెమెరాతో దగ్గరగా తీసి, ఆ ఫోటోని కంప్యూటర్లో పూర్తి సైజుకి తెరిచి చూడండి. తెల్లటి బట్ట మీద పసుపు, నీలం, గులాబీ చారలు అలలు అలలుగా కనబడతాయి. బట్టలో ఆ రంగులు లేవు, కెమెరా వాటిని పుట్టించింది. పెళ్ళి ఫోటోల్లో సన్నగీతల చొక్కా మీద ఇలాంటివి వస్తే ఎవరూ పట్టించుకోరు. కానీ ఆ బట్టే మీ విషయం అయినప్పుడు, పోగుకీ పోగుకీ మధ్య ఉన్న సందు కూడా నిజంగా ఎలా ఉందో అలాగే కనబడాలన్నప్పుడు, ఆ చారలతో పని మొత్తం పాడవుతుంది.

చేనేత మీద పరిశోధన చేస్తున్న ఒకామె నాకు ఈ పని అప్పజెప్పారు. ఆవిడకి కావలసినవి రెండు: కొండపత్తి (ఈ ఖాదీకి వాడే పత్తి రకం) దగ్గర్నుంచి మగ్గం మీద బట్ట దాకా ప్రతి దశ ఫోటోలు, ఆపైన బట్ట నమూనాలని పక్కన స్కేలు పెట్టి, తెర మీద పోగులు లెక్కపెట్టగలిగేలా తీసిన ఫోటోలు. నాది శ్రీకాకుళం, పొందూరు పక్కనే, కాబట్టి వెలుతురు బాగున్న రోజు చూసుకుని వెళ్ళి రావడం నాకు సులువే. ఏ కెమెరా వాడాలన్నదే ఆలోచించాల్సి వచ్చింది.

ముందు ఆ రంగుల చారలు ఎందుకొస్తాయో చెప్తాను, ఎందుకంటే కెమెరాని నేను దాన్ని బట్టే ఎంచుకున్నాను. మనం వాడే కెమెరాల్లో, ఫోన్లలో, దాదాపు అన్నింటిలోనూ సెన్సార్, అంటే కాంతిని కొలిచే చిప్, మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు గళ్ళుగళ్ళుగా పరిచి ఉంటాయి. కోడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ పేరుతో 1976లో పేటెంట్ అయిన పద్ధతి ఇది. ఒక్కో పిక్సెల్ ఒక్క రంగునే కొలుస్తుంది, మిగతా రెండింటినీ చుట్టుపక్కల పిక్సెళ్ళని చూసి లెక్కగడతారు. గోడనో మొహాన్నో తీసినప్పుడు ఆ లెక్క చక్కగా కుదురుతుంది. సన్నటి నేత దగ్గర మాత్రం పోగుల మధ్య దూరం పిక్సెళ్ళ దూరానికి దగ్గరగా వచ్చేస్తుంది, అక్కడ లెక్క తప్పి లేని రంగు పుడుతుంది. నేను ఎంచుకున్న కెమెరా సిగ్మా డీపీ2 క్వాట్రో, అందులో ఉన్న ఫోవియన్ సెన్సార్ పద్ధతి వేరు. సిలికాన్‌లో నీలం కాంతి పైపైనే ఆగిపోతుంది, ఆకుపచ్చ ఇంకొంచెం లోపలికి పోతుంది, ఎరుపు బాగా లోతుకి దిగుతుంది. ఈ గుణాన్ని వాడుకుని ఒకే చోట మూడు పొరలు పెట్టి, మూడు రంగులనీ అక్కడికక్కడే కొలుస్తుంది. పక్క పిక్సెల్‌ని అడగాల్సిన అవసరం ఉండదు.

ఈ సెన్సార్ ఉన్న మొదటి కెమెరా సిగ్మా ఎస్‌డీ9, 2002లో వచ్చింది. జేబు కెమెరాల వరస డీపీ1తో 2008లో మొదలైంది. నా దగ్గరున్నది 2014లో వచ్చిన డీపీ2 క్వాట్రో, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇప్పుడు కొత్తవి తయారవడం లేదు, ఎవరు కొన్నా సెకండ్ హ్యాండే.

దీన్ని కాంపాక్ట్ కెమెరా అంటారు కానీ, చేతిలోకి తీసుకుంటే ఆ మాట నమ్మబుద్ధి కాదు. పొడవు 16 సెంటీమీటర్లు దాటుతుంది, బాడీ పలచటి పలకలాగా ఉంటుంది, మధ్యలో పెద్ద లెన్స్. ఇక గ్రిప్ అయితే, అన్ని కెమెరాలకీ ముందుకి పొడుచుకొస్తే దీనికి వెనక్కి, అంటే మన వైపుకి వస్తుంది. మొదట్లో కుడిచేత్తో మామూలుగా పట్టుకుంటే వేళ్ళకి ఆధారం దొరకదు, మణికట్టు లాగుతుంది. ఎడమచేయి అరచేతిని లెన్స్ కింద పెట్టి బరువంతా అక్కడ మోపాలి, కుడిచేయి షట్టర్ నొక్కడానికి, పైనున్న రెండు చక్రాలు తిప్పడానికి మాత్రమే. ఈ పట్టు అలవాటయ్యాక నాకు దీని ఆకారం మీద గౌరవం పెరిగింది, ఎందుకంటే లెన్స్ దగ్గర చేయి ఉండటం వల్ల నెమ్మదైన షట్టర్‌లో కూడా వణుకు తగ్గుతుంది. లెన్స్‌లోగానీ సెన్సార్‌లోగానీ వణుకుని సరిచేసే స్టెబిలైజేషన్ లేదు, అందువల్ల పట్టు చాలా ముఖ్యం.

వ్యూఫైండర్ లేదు. వెనకాల మూడంగుళాల తెర ఒక్కటే, అది కదలదు, వంగదు. పొందూరు వీధిలో ఎండలో నిలబడితే ఆ తెర మీద ఏమీ కనబడదు. సిగ్మా వాళ్ళదే తెరకి తగిలించి కన్ను ఆనించి చూసే పొడుగాటి లూప్ ఒకటుంది, అది పెడితే ఎండ సమస్య తీరుతుంది కానీ కెమెరా మరీ పెద్దదవుతుంది. నేను పాతకాలం స్టూడియోవాళ్ళలాగా నల్లగుడ్డ కప్పుకుంటాను, బయట పని కొంచెమే కాబట్టి సరిపోయింది. వీడియో లేదు. లెన్స్ మార్చడానికి లేదు, 30 మిల్లీమీటర్ల ఎఫ్/2.8 (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది) శాశ్వతంగా బిగించి ఉంటుంది, ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో అది 45 అవుతుంది. దూది పని చేసే ఇళ్ళలో ఇది నాకు వరం అనిపించింది. అక్కడ గాలిలోనే నూగు తేలుతూ ఉంటుంది, లెన్స్ విప్పే కెమెరా అయితే సెన్సార్ మీద నూగు పడుతుందేమోనని టెన్షన్. దీనికి లెన్స్ ముందుభాగం బ్లోయర్‌తో ఊదుకుంటే చాలు.

బ్యాటరీ ఒక్కోటి దాదాపు 200 ఫోటోలని చెప్తారు. కొత్తగా అమ్మినప్పుడు డబ్బాలో రెండు బ్యాటరీలు ఇచ్చేవాళ్ళంటేనే సంగతి అర్థమవుతుంది. బీపీ-51 అనే ఈ బ్యాటరీ, పానసోనిక్ బీఎల్‌సీ12 బ్యాటరీ ఒకే రకం, కాబట్టి అదనపు బ్యాటరీల కోసం వెతికేవాళ్ళు ఆ పేరుతో కూడా వెతకండి. నేను తెర వెలుగు తగ్గించి, తీసిన వెంటనే ఫోటో చూపించే సెట్టింగ్ ఆపేసి పనిచేస్తాను. తీసిన ప్రతి ఫోటో కార్డు మీద రాసుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, వరసగా తీస్తే బఫర్ నిండి కెమెరా ఆగుతుంది. దీంతో పదేపదే నొక్కే పద్ధతి పనికిరాదు. చూడాలి, ఆగాలి, ఒకటి తీయాలి.

ఇదంతా ఒక ఎత్తు, ఐఎస్‌ఓ, అంటే తక్కువ వెలుతురులో తీయడానికి పెంచుకునే అంకె, ఒక్కటే ఒక ఎత్తు. మెనూలో 6400 దాకా ఉంది. రంగుల్లో నేను 100 దాటను, తప్పనిసరైతే 200, బొత్తిగా గతి లేకపోతే 400. ఎరుపు కాంతి సిలికాన్ లోతుల్లో పట్టుబడుతుంది, మూడు రంగులనీ విడదీయడానికి చాలా లెక్క జరగాలి, వెలుతురు తగ్గితే ఆ లెక్కలో గోల (నాయిస్) పెరిగి నీడల్లో ఆకుపచ్చ, మెజెంటా మచ్చలు తేలుతాయి. నలుపు తెలుపులో అయితే 800 కూడా అందంగా ఉంటుంది, సన్నటి ఇసుకలాంటి గరుకుతో.

అంటే వెలుతురున్న చోటే ఈ కెమెరా పనిచేస్తుంది. పొందూరులో నాకు తెలిసొచ్చిన గొప్ప సంగతి ఏమిటంటే, సన్నపోగు వడికేవాళ్ళూ వెలుతురున్న చోటే పనిచేస్తారు.

వసారాలో గుమ్మం పక్కన రాట్నం ముందు కూర్చున్న ఒక పెద్దావిడ ముందు ట్రైపాడ్ పెట్టి, తెర మీద ఫోకస్ చూసుకుంటూ ఉంటే ఆవిడ కాసేపు గమనించి, "ఏటి బాబూ, ఇంతసేపు ఏటి చూత్తన్నావు?" అంది. పోగు సరిగ్గా కనబడటం లేదు మామ్మా అన్నాను. "పోగు అవుపడాలంటే ఎలుతురుండాలి గదా. నువ్వు అటేపు ఉంటే నీ నీడే పడతాది, ఇటు రా" అని నన్ను గుమ్మానికి రెండో పక్కకి పంపింది. ఆవిడ చెప్పిన చోటు నుంచి తీసిన ఫోటోయే చివరికి ఎంపికైంది. వెలుతురు పక్క నుంచి పోగు మీద పడుతోంది, వెనకాల ఇంటి లోపలి చీకటి, ఆ చీకటి మీద పోగు తెల్లగా తేలింది. జీవితమంతా నూరో నంబరు నూలు (నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం) వడికినవాళ్ళకి పోగు ఎక్కణ్ణుంచి చూస్తే కనబడుతుందో మనకంటే బాగా తెలుసు. ఆ రోజు నుంచి ఎవరింటికి వెళ్ళినా ముందు వాళ్ళు ఎటు తిరిగి కూర్చున్నారో చూసి, నా చోటు దాన్నిబట్టి వెతుక్కున్నాను.

పొద్దున్న వసారాలో ఐఎస్‌ఓ 100, ఎఫ్/5.6 దగ్గర షట్టర్ 1/15, 1/30 మధ్య వచ్చేది. ట్రైపాడ్ తప్పదు. ఆ వేగంలో తిరిగే రాట్నం మసకబారుతుంది, నాకు అదే కావాలి. పొందూరు రాట్నం ఒంటికదురుది, చక్రానికి 24 ఆకులు (పుల్లలు) ఉన్నది, గాంధీ చరఖా అంటారు. 1/15లో చక్రం ఆకులు కలిసిపోయి పలచటి తెరలా అవుతాయి, కదురు దగ్గర నిలకడగా ఉన్న ఎడమచేతి వేళ్ళు మాత్రం గోటి అంచు దాకా స్పష్టంగా వస్తాయి. వేళ్ళు ఎప్పుడు నిలకడగా ఉంటాయో ఆ లయ కాసేపు చూస్తే పట్టుబడుతుంది: పోగు సాగి ఆగి, మళ్ళీ కదురుకి చుట్టుకునే ముందు ఒక క్షణం. ఆ క్షణానికి నొక్కాలి. షట్టర్ లెన్స్ లోపలే ఉండటం వల్ల చప్పుడు దాదాపు వినబడదు, వడికే ఆవిడ ధ్యాస చెదరదు. అద్దం టపటపలాడే కెమెరా అయితే ఇంత దగ్గర్లో ఇబ్బందే.

దూది శుభ్రం చేసే దశ గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ కెమెరా విలువ నాకు పూర్తిగా అర్థమైంది అక్కడే. కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడకి సన్నటి పళ్ళు బోలెడు, దువ్వెన కంటే మెత్తగా పనిచేస్తాయి, గింజని అంటుకున్న దూదిలోని నలకలు వాటికి చిక్కుతాయి, పీచు తెగకుండా ఒకే దిక్కుకి సర్దుకుంటుంది. దవడలు గోదావరి వైపు నుంచి తెచ్చుకుంటారు. ఇక్కడ కెమెరా ఎదుర్కొనే చిక్కు ఫోకస్. ఆటోఫోకస్ కాంట్రాస్ట్‌ని వెతుకుతుంది, తెల్లదూదిలో దానికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు, లెన్స్ ముందుకీ వెనక్కీ తిరిగి, ఫోకస్ దొరకలేదని ఎరుపు గుర్తు చూపిస్తుంది. అందుకని ఫోకస్ పాయింటుని దవడ పళ్ళ మీద పెట్టి, అక్కడ పట్టుకున్నాక మాన్యువల్‌కి మార్చి, తెర మీద పెద్దది చేసి రింగుతో కొద్దిగా సరిచేశాను. ఎఫ్/8, ట్రైపాడ్, రెండు సెకన్ల టైమర్. ఆ ఫోటోలో ఒక్కో పంటి మీద చిక్కుకున్న పీచు విడివిడిగా కనబడుతుంది. పీచుకీ పీచుకీ మధ్య వెలుగునీడల తేడా చాలా కొంచెం, మామూలు సెన్సార్‌లో ఆ తేడా నునుపైపోయి దూది పిండిముద్దలా వస్తుంది. ఇక్కడ దూది దూదిలా ఉంది.

తరవాతి దశలు, గింజ తీయడం, చిన్న విల్లుతో దూది ఏకడం, ఏకులు (వడకడానికి సిద్ధం చేసిన దూది వత్తులు) చుట్టడం, వీటికి పెద్దగా చిక్కు రాలేదు. విల్లు కదలిక కోసం మాత్రం షట్టర్ 1/125కి తెచ్చి, ఎఫ్/2.8కి తెరిచి, గుమ్మం బయటికి వచ్చి కూర్చోమని అడిగాను. ఏకులని ఎండిన అరటి దొప్పలో చుట్టి పట్టుకుని వడుకుతారు, చెమట చేయి తగలకుండా. ఆ దొప్ప గోధుమరంగు, ఏకు తెలుపు, వేళ్ళ రంగు, మూడూ పక్కపక్కన ఉన్న ఆ ఒక్క ఫ్రేములో రంగులు విడిపోయిన తీరు నేను ఇప్పటికీ తెరిచి చూసుకుంటూ ఉంటాను.

మగ్గం గదిలో ఈ కెమెరా నిలబడలేదు. గుంటమగ్గం, చిన్న కిటికీ, పైన ఒక ట్యూబ్‌లైటు. మీటరు చూస్తే ఐఎస్‌ఓ 100, ఎఫ్/2.8 దగ్గర పావు సెకను. నాడె (పేక పోగుని అటూ ఇటూ తీసుకెళ్ళేది) ఆడే చేతులకి పావు సెకను ఏం సరిపోతుంది? పైగా కిటికీ వెలుగొక రంగు, ట్యూబ్‌లైటొక రంగు, వాటి కలగలుపుకి ఈ సెన్సార్ మామూలు కెమెరా కంటే ఎక్కువ ఇబ్బంది పడుతుంది. ట్యూబ్‌లైటు ఆపించి, నలుపు తెలుపుకి మారి, ఐఎస్‌ఓ 800, ఎఫ్/2.8, 1/30 పెట్టి, నేతగాడు పడుగు సరిచూసుకోవడానికి వంగినప్పుడు తీశాను. నాడె కదలికలు కావలసినవి మాత్రం నా మామూలు కెమెరాతోనే తీశాను, పరిశోధకురాలికి ఆ సంగతి ఫైలు పేరులోనే తెలిసేలా పెట్టాను. ఒక పనికి ఒకే కెమెరా అన్న పట్టుదల అనవసరం.

ఇక బట్ట నమూనాలు. ఇంటికి తెచ్చుకుని తీయొచ్చు కానీ, అమ్మకానికి ఉన్న బట్టలు కావడంతో అక్కడే, వరండాలో బల్ల మీద పని. ఈ లెన్స్ 28 సెంటీమీటర్ల కంటే దగ్గరికి ఫోకస్ కాదు. ఆ దూరంలో స్కేలు పెట్టి చూస్తే ఫ్రేము వెడల్పు దాదాపు 18 సెంటీమీటర్లు. ఫోటో వెడల్పు 5424 పిక్సెళ్ళు, అంటే మిల్లీమీటరుకి 30 పిక్సెళ్ళు. మిల్లీమీటరుకి మూడు పోగులున్న నేత అయితే ఒక్కో పోగుకీ దాని పక్క సందుకీ కలిపి పది పిక్సెళ్ళు వస్తాయి, లెక్కపెట్టడానికి అవి ధారాళంగా చాలు. ఇంకా దగ్గరికి వెళ్ళాలంటే 58 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న క్లోజప్ లెన్స్ ముందు బిగించుకోవచ్చు, కానీ అంచుల్లో పదును తగ్గుతుంది, నాకు అవసరం పడలేదు.

బట్టకి కెమెరా సరిగ్గా సమాంతరంగా ఉండాలి, కొంచెం వాలినా ఒక పక్క పోగులు మసకగా వస్తాయి. దీనికి నేను వాడే పద్ధతి: బట్ట పరిచే చోట ముందు ఒక చిన్న అద్దం పెట్టాలి, కెమెరా తెరలో లెన్స్ ప్రతిబింబం సరిగ్గా మధ్యలో కనబడేదాకా ట్రైపాడ్ తలని జరపాలి. మధ్యకి వచ్చిందంటే రెండూ సమాంతరం. అద్దం తీసేసి నల్ల చార్ట్ పేపరు, దాని మీద బట్ట, పక్కన ఉక్కు స్కేలు. కింద నలుపు ఉంటే పోగుల మధ్య సందులు నల్లచుక్కలుగా తేలి లెక్క సులువవుతుంది. వెలుతురు ఒకే పక్క నుంచి, వాలుగా. రెండు పక్కల నుంచీ వస్తే పోగు గుండ్రదనం పోయి బట్ట కాగితంలా చదునుగా కనబడుతుంది.

ఎక్స్‌పోజర్ విషయంలో తెల్లబట్టకి మీటరు ఎప్పుడూ బూడిదరంగే ఇస్తుంది, మామూలుగా ఒక స్టాప్, అంటే వెలుగు రెట్టింపు అయ్యేంత, పెంచుతాం. ఈ సెన్సార్‌లో తెలుపు హద్దు దాటితే వెనక్కి రాబట్టుకోవడం కష్టం, అందుకని +0.7 దగ్గర ఆగి హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగునీడలు ఎలా పంచుకున్నాయో చూపే గ్రాఫ్) చూసుకున్నాను. బయట ఎండలో ఆరేసిన నూలు చిలపలకి (నూలు కట్టలకి) ఏమీ పెంచలేదు. కొండపత్తి బట్ట తెలుపు పాలలాంటి తెలుపు కాదు, ఎర్రపత్తి అయితే ఇంకా కొంచెం మీగడ రంగు, అది పోకూడదు. కెమెరా తనంతట తానే తెలుపుని సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ ఆ మీగడ రంగుని దోషమనుకుని తీసేస్తుంది. ప్రతి చోటా గ్రే కార్డుతో కస్టమ్ వైట్ బ్యాలెన్స్ పెట్టుకున్నాను, సాయంత్రం బట్ట ముక్కని పక్కన పెట్టుకుని తెరతో పోల్చి చూశాను.

రా ఫైళ్ళు, అంటే సెన్సార్ కొలిచినదంతా మార్చకుండా ఉంచిన ఫైళ్ళు, ఎక్స్3ఎఫ్ అనే ఫార్మాట్‌లో వస్తాయి, వాటికి సిగ్మా ఫోటో ప్రో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడాలి. ఒక్కో ఫైలు తెరవడానికీ, మార్పు చూపించడానికీ టైం తీసుకుంటుంది. అందుకే కెమెరాలో రాతో పాటు జేపెగ్ కూడా పెట్టుకోండి, ఎంపికంతా జేపెగ్‌లు చూసి చేసి, నెగ్గినవాటినే ఇందులో తెరవండి. షార్ప్‌నెస్ నేను సున్నా కంటే కిందికి దించుతాను, పదును ఎలాగూ ఉంది, పెంచితే పోగు అంచున తెల్లగీత వస్తుంది. ఫిల్ లైట్ అనే స్లయిడర్ 0.2, 0.3 దాటితే బట్ట చుట్టూ వెలుగు వలయం కడుతుంది.

అసలు ఫలితం: రంగుల చారలు లేవు. కొన్ని నమూనాల్లో, చిన్నసైజుకి తగ్గించి చూసినప్పుడు, వెలుగునీడల అలలు మాత్రం కనబడ్డాయి, అది ఏ సెన్సార్‌కైనా తప్పదు, పూర్తి సైజులో పోతాయి. క్వాట్రో గురించి ఒక మాట ఒప్పుకోవాలి. దీని పై పొరలోనే 19.6 మెగాపిక్సెళ్ళు, కింద రెండు పొరల్లో ఒక్కోదానిలో 4.9 మాత్రమే. దీనికి ముందు వచ్చిన మెరిల్ కెమెరాల్లో మూడు పొరలూ సమానం. అంటే క్వాట్రో సన్నటి వివరాన్నంతా పై పొర నుంచి తీసుకుని, రంగుని కింది పొరల నుంచి అద్దుతుంది. అద్దకం లేని ఖాదీకి దీనివల్ల నష్టం లేదు. పోగుపోగుకీ రంగు మారే బట్టకి తేడా ఉండొచ్చు.

ఇదే కెమెరాని మా జిల్లాలోనే ఉన్న బుడితి ఊరి కంచు, ఇత్తడి పనికి కూడా పట్టుకెళ్ళాను. కొలిమి దగ్గర చీకటీ మంటా ఉన్నచోట దీన్ని సంచిలోంచి తీయనేలేదు. తయారైన చెంబులని బయట చెట్టునీడలో తీస్తే సుత్తి దెబ్బల గుర్తులు అద్భుతంగా వచ్చాయి. పెళ్ళిళ్ళు, పిల్లలు, జాతరలు తీసేవాళ్ళు దీని జోలికి పోవద్దు. కదలనివి, లేదా ఒక లయలో కదిలేవి తీసేవాళ్ళకి, వెలుతురు కోసం ఆగగలిగేవాళ్ళకి మనస్ఫూర్తిగా చెప్తాను.

పరిశోధకురాలికి 16 బిట్ టిఫ్‌లు ఇచ్చాను, ఒక్కోటి 118 ఎంబీ దాకా ఉంటుంది. ఆవిడ తెర మీద సెంటీమీటరు గళ్ళు గీసుకుని పడుగు, పేక పోగులు విడివిడిగా లెక్కపెట్టారు, భూతద్దంతో బట్ట మీద పెట్టిన లెక్కతో సరిపోయింది. మూల ఎక్స్3ఎఫ్ ఫైళ్ళు రెండు డిస్కుల్లో ఉంచాను, వాటిని తెరిచే సాఫ్ట్‌వేర్లు తక్కువ కాబట్టి సిగ్మా ఫోటో ప్రో ఇన్‌స్టాలర్ కాపీ కూడా వాటి పక్కనే పెట్టాను. తరవాతి విడతలో రంగు అంచుల పంచెలు ఉన్నాయి. వాటికి మెరిల్ ఒకటి అరువు తెచ్చి, అదే బల్ల మీద, అదే వెలుతురులో రెండింటితోనూ తీసి పోల్చాలని అనుకుంటున్నాను.